రాత్రి షిఫ్టు ఎలక్ట్రీషియన్ కోసం గీసిన గీతలు

1993లో కాకినాడలో ఈఈఈ పూర్తిచేసి హైదరాబాదు బస్సెక్కాను. ఆటోమేషన్ గురించి అప్పటికి నాకు తెలిసింది దాదాపు ఏమీ లేదు. కాలేజీలో మోటార్లు చదివాం, ట్రాన్స్‌ఫార్మర్లు చదివాం, ఫాల్టు లెవెల్ లెక్కలు పేజీలకు పేజీలు చేశాం. ఆ మోటారును నడపాలంటే పక్కన ఒక ఇనప బీరువా కావాలని, అందులో ఏది ఎక్కడ ఉండాలో ఎవరో ఒకరు కూర్చుని గీయాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. బాలానగర్‌లో ఆ బీరువాలు, అంటే కంట్రోల్ ప్యానెళ్ళు, తయారుచేసే ఒక చిన్న కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా చేరాక ఆ గీసేవాణ్ణి నేనే అయ్యాను.

అప్పటి బాలానగర్ అంటే ఒకవైపు ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ లాంటి ప్రభుత్వ సంస్థల పెద్ద ప్రహరీ గోడలు, మరోవైపు సందుల నిండా చిన్న షెడ్లు. ఒక షెడ్డులో లేత్ తిరుగుతుంటే పక్కదాన్లో రేకు వంచేవాళ్ళు. మా షెడ్డులో కింద ప్యానెళ్ళు తయారయ్యేవి. పైన ఒక గదికి ‘డిజైన్ డిపార్ట్‌మెంట్’ అని బోర్డు ఉండేది. డిపార్ట్‌మెంటు అంటే రెండు డ్రాయింగ్ బోర్డులు, ఒక సీనియర్, ఒక డ్రాఫ్ట్స్‌మన్, నేను. ఫ్యాను గట్టిగా తిరిగితే ట్రేసింగ్ పేపరు లేచిపోతుందని మే నెలలో కూడా దాన్ని ఒకటో నంబరు దాటనిచ్చేవాళ్ళు కాదు.

డ్రాయింగ్ అంతా చేత్తోనే. మినీ డ్రాఫ్టర్ బిగించి, ముందు పెన్సిలుతో గీసి, తర్వాత ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో దిద్దడం. అక్షరాలకు స్టెన్సిల్. తప్పు పడితే సగం బ్లేడుతో ఇంకును మెల్లగా గీకాలి. ఎక్కువ గీకితే పేపరు చిరుగుతుంది, చిరిగితే షీటంతా మళ్ళీ మొదటికి. ఇందులో మా డ్రాఫ్ట్స్‌మన్ చెయ్యి అద్భుతం. ఆయన గీకిన చోటు వేలితో తడిమినా తెలిసేది కాదు. ప్రింట్లు అమ్మోనియా మెషీన్ మీద తీసేవాళ్ళు. తాజా ప్రింటు చుట్ట విప్పితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఫినాయిలు, అమ్మోనియా కలిసిన ఘాటు తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గదే.

చేరిన కొత్తలో మా సీనియర్ ఒకమాట చెప్పారు. "మన డ్రాయింగ్ మీద కన్సల్టెంటు సంతకం పెడతాడు, కస్టమర్ మేనేజరు సంతకం పెడతాడు. వాళ్ళెవరూ దాన్ని చదవరోయ్. చదివేవాడు ఒక్కడే. రాత్రి రెండింటికి లైను ఆగిపోతే టార్చిలైటు పట్టుకుని ప్యానెల్ తలుపు తీసే ఎలక్ట్రీషియన్. వాడికి అర్థమవుతుందా లేదా, అదొక్కటే చూసుకో." అప్పుడది పెద్దవాళ్ళు చెప్పే మాటల్లో ఒకటి అనుకుని ఊరుకున్నాను. దాని విలువ తెలిసింది కింద షెడ్డులో భాయ్ దగ్గర.

మా వైరింగ్ మేస్త్రీని ఓనరు దగ్గర్నుంచి టీ కుర్రాడి దాకా అందరూ భాయ్ అనే పిలిచేవాళ్ళు. పాతబస్తీ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఇంగ్లిషు చదవడం రాదు, కానీ డ్రాయింగ్ చదవడంలో మా అందరికంటే ఒక ఆకు ఎక్కువే. షీటు చేతికివ్వగానే సర్క్యూట్ ఎలా పనిచేస్తుందని చూడడు. ముందు నంబర్లు చూస్తాడు. "సార్, కాయిల్ గిక్కడుంది, మంచిగనే ఉంది. దీని కాంటాక్టులు ఏ షీట్ల ఉన్నయో కింద రాస్తిరా?" అని అడిగేవాడు. కాంటాక్టర్ అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు; కాయిల్‌కు కరెంటిస్తే దాని కాంటాక్టులు కలుస్తాయి లేదా విడిపోతాయి. ఆ కాయిల్ ఒక షీట్లో ఉంటుంది, దాని కాంటాక్టులు ఇంకో మూడు షీట్లలో చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకని కాయిల్ గుర్తు కింద చిన్న పట్టిక గీసి, ఏ కాంటాక్టు ఏ షీటు, ఏ కాలమ్‌లో ఉందో రాయాలి. కాంటాక్టు పక్కన దాని కాయిల్ ఎక్కడుందో రాయాలి. చేత్తో గీసే రోజుల్లో మధ్యలో ఒక్క షీటు చేర్చామంటే ఈ నంబర్లన్నీ మారేవి. ఈ పని అంటే నాకు విసుగు, భాయ్‌కి ప్రాణం.

వైరు నంబర్లు కూడా అంతే. ప్రతి వైరుకూ రెండు కొసల్లో పసుపు ఫెర్రూళ్ళు తొడగాలి. ఒక్కో అంకె ఒక్కో చిన్న గొట్టం. 1, 2, 0, 4 అని నాలుగు గొట్టాలు వరసగా ఎక్కించి, లగ్ అనే లోహపు కొస వేసి, నొక్కి క్రింప్ చేసి టెర్మినల్‌లో బిగించాలి. అంకె తలకిందులైతే 6 కాస్తా 9 అవుతుంది. అందుకే చదివే దిక్కు ఎటుండాలో భాయ్ దగ్గర నియమం ఉండేది: అడ్డంగా ఉన్న వైరైతే ఎడమ నుంచి కుడికి, నిలువుగా ఉన్నదైతే కింద నుంచి పైకి. కుర్రాళ్ళు తిప్పి తొడిగితే మాట్లాడకుండా ఆ కొస కత్తిరించేసేవాడు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సిందే.

నాకు చాలా నచ్చిన విషయం ఇంకొకటి ఉంది, కాలేజీలో ఎవరూ చెప్పనిది. స్టాప్ బటన్‌కు ఎప్పుడూ ఎన్‌సీ కాంటాక్టే వాడతాం. మామూలప్పుడు మూసుకుని ఉండి, నొక్కితే తెరుచుకునేది. ఎందుకని? వైరు తెగినా, టెర్మినల్ వదులైనా, ఎలుక కొరికినా మెషీన్ ఆగిపోవాలి. దానికి ఉల్టాగా, నొక్కితేనే మూసుకునే ఎన్‌ఓ పెట్టామనుకోండి, తీగ తెగిన సంగతి ఎవరికీ తెలియదు. అవసరమైన రోజు బటన్ నొక్కితే ఏమీ జరగదు. ట్యాంకు మట్టంలాంటి కొలతలను ప్యానెల్‌కు చేరవేసే 4-20 మిల్లీ ఆంప్స్ సిగ్నల్ వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. ట్యాంకు ఖాళీగా ఉంటే 4 రావాలి. సున్నా వచ్చిందంటే ట్యాంకు సంగతి తర్వాత, ముందు తీగ సంగతి చూడమని. సున్నా నుంచి మొదలుపెట్టకుండా నాలుగు నుంచి ఎందుకు మొదలుపెట్టారని ఇప్పటికీ ఇంటర్వ్యూల్లో కుర్రాళ్ళను అడుగుతుంటాను. సగం మంది బిక్కమొహం వేస్తారు.

ప్యానెల్ ఎంత పెద్దదుండాలో లోపలి సామాను చూసి నిర్ణయిస్తామని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి కొలత తేల్చేవి కేబుళ్ళు. అల్యూమినియం 300 స్క్వేర్ ఎంఎం ఆర్మర్డ్ కేబుల్‌ను కింద కేబుళ్ళు దూరే గ్లాండ్ ప్లేటు నుంచి లోపలికి తెచ్చి, దాని వ్యాసానికి 12 రెట్ల వంపుకు తగ్గకుండా తిప్పి, లగ్ బిగించడానికి మనిషి చెయ్యీ స్పానరూ పట్టేంత జాగా ఉండాలి. కస్టమర్లేమో రూమ్ చిన్నది, ప్యానెల్ వెడల్పు తగ్గించమంటారు. ఈ గొడవలో ఎప్పుడూ ఓడేది కేబుల్ వేసేవాడే. మాట్లాడుకునే టేబుల్ దగ్గర అతనికి కుర్చీ ఉండదు కదా.

ప్యానెల్ పూర్తయ్యాక కస్టమర్ తరఫున ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్ళు. ఆ రోజు షెడ్డులో పెళ్ళి హడావుడి. నేల కడిగేవాళ్ళు, సిమెన్స్ గ్రే రంగు మీద వేలిముద్రలు తుడిచేవాళ్ళు. ఇన్సులేషన్ చూసే మెగ్గర్ తిప్పడం, 2.5 కేవీ హైవోల్టేజి టెస్టు ఒక నిమిషం, తర్వాత ఫంక్షన్ టెస్టు. ఫీల్డులో ఉండే స్విచ్చుల బదులు ఒక చెక్కపలక మీద టాగుల్ స్విచ్చులు బిగించి, ఒక్కొక్కటే వేస్తూ ఏ కాంటాక్టర్ పడుతుందో చూపించేవాళ్ళం. మోటారును ముందు తక్కువ కరెంటుతో (స్టార్), తర్వాత పూర్తిగా (డెల్టా) నడిపే స్టార్-డెల్టా స్టార్టర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం భాయ్ స్వయంగా ముందుకొచ్చేవాడు. స్టార్, డెల్టా కాంటాక్టర్లు రెండూ ఒకేసారి పడితే మూడు ఫేజులూ నేరుగా షార్ట్. అందుకే ఒకదాని ఎన్‌సీ రెండోదాని కాయిల్ దారిలో పెడతాం, పైగా మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా వేస్తాం. డెల్టా పడి ఉండగా స్క్రూడ్రైవర్‌తో స్టార్ కాంటాక్టర్‌ను నొక్కి, అది కదలకపోవడాన్ని భాయ్ ఇన్‌స్పెక్టరుకు చూపించేవాడు. ఆ తర్వాత సమోసాలు, చాయ్. సంతకాలు మాత్రం ఎప్పుడూ చాయ్ తర్వాతే.

పీఎల్‌సీలు, అంటే రిలేల (చిన్న కాంటాక్టర్ల) వైరింగ్ బదులు ప్రోగ్రాముతో మెషీన్లను నడిపే కంప్యూటర్లు, అప్పటికే వచ్చాయి కానీ మా వంటి చిన్న కంపెనీల్లోకి మెల్లగా దిగుతున్నాయి. వాటి పుట్టుక కథ మా సీనియర్ చెప్పేవారు. అమెరికాలో కార్లు తయారుచేసే జనరల్ మోటార్స్‌లో మోడల్ మారిన ప్రతిసారీ గదుల నిండా ఉన్న రిలే ప్యానెళ్ళను విప్పి మళ్ళీ వైరింగ్ చెయ్యాల్సి వచ్చేదట. దానికి విరుగుడు కావాలని 1968లో వాళ్ళు అడిగితే, డిక్ మార్లే బృందం తయారుచేసింది మోడికాన్ 084. వాళ్ళ సంస్థలో అది 84వ ప్రాజెక్టు కాబట్టి ఆ నంబరు. వైర్ల బదులు ప్రోగ్రాము వచ్చింది. అయినా దాన్ని నిచ్చెన మెట్లలాగా ఉండే పాత రిలే డ్రాయింగ్ రూపంలోనే ఉంచారు. ప్లాంటులో ఎలక్ట్రీషియన్లు కంప్యూటర్ నేర్చుకోకుండానే చదవగలగాలని. కంప్యూటర్ వాళ్ళు ఈ నిచ్చెన రూపాన్ని, అంటే ల్యాడర్ లాజిక్‌ను, చిన్నచూపు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అది ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే అలా అనరు.

మా మొదటి పీఎల్‌సీ ప్యానెల్లో వాడింది సిమెన్స్ వాళ్ళ ఎస్5 పీఎల్‌సీ. అందులో ప్రోగ్రామ్‌ను కాపాడే బ్యాటరీ ఒకటి ఉండేది. అది మార్చేటప్పుడు పవర్ ఆన్‌లోనే ఉండాలి, ఆపితే మెమరీలోని ప్రోగ్రామ్ పోతుంది. ఎలక్ట్రీషియన్‌కు మొదటి రోజు నుంచీ నేర్పేదేమో ప్యానెల్లో చెయ్యి పెట్టేముందు పవర్ ఆపమని! ఇక్కడ మాత్రం ఆపొద్దని చెప్పాలి. మాన్యువల్లో ఇంగ్లిషులో ఎక్కడో ఉంది, ఎవరు చదువుతారు? మా డ్రాఫ్ట్స్‌మన్ స్టిక్కర్ల షాపుకు వెళ్ళి ‘పవర్ ఉండగానే బ్యాటరీ మార్చవలెను’ అని ఎర్ర అక్షరాలతో తెలుగులో రాయించుకొచ్చాడు. ఓనరు చూసి "ఇదేంటి, బస్సులో బోర్డులాగా" అని నవ్వాడు. స్టిక్కర్ మాత్రం ఉండిపోయింది. ఆ తర్వాతి ప్యానెళ్ళకూ అంటించాం.

సైటు కమిషనింగ్‌లలో, అంటే ప్యానెల్‌ను ఫ్యాక్టరీలో పెట్టి నడిపించే పనుల్లో, నాకు బాగా గుర్తున్నది నల్లగొండ జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. సున్నపురాయి కన్వేయర్ల సీక్వెన్సు మాది. కన్వేయర్లను స్టార్ట్ చేసేది చివరి నుంచి మొదటికి. ముందు వెళ్ళే బెల్టు నడుస్తుంటేనే వెనక బెల్టు మొదలవ్వాలి, లేదంటే రాయి గుట్టపడుతుంది. ముందుది ఏ కారణంతో ఆగినా వెనకవన్నీ ఆ క్షణమే ఆగాలి. కాగితం మీద రెండు లైన్ల నియమం. సైటులో మాత్రం దుమ్ము, వేడి, వాన. మాస్కు తీస్తే మూతి చుట్టూ మాత్రమే మనిషి రంగు కనిపించేది.

పొడుగాటి బెల్టుల పక్కన నడకదారి వెంట తాడు కడతారు. ఎవరైనా బెల్టులో చిక్కుకుంటే ఆ తాడు లాగితే చాలు, బెల్టు ఆగుతుంది. తాడు మధ్యమధ్యలో పుల్‌కార్డ్ స్విచ్చులు. కేబుల్ కలిసొస్తుందని ఆ స్విచ్చులన్నిటినీ సిరీస్‌లో కలిపి ప్యానెల్‌కు ఒకే జత తీగలు తేవడం అప్పట్లో మామూలు పద్ధతి. కన్సల్టెంటు స్పెసిఫికేషన్లోనూ అలాగే ఉంది. ఆ స్విచ్చుల్లో ఏది తెరుచుకున్నా ప్యానెల్‌కు తెలిసేది ఒక్కటే, తాడు లాగారని. వానాకాలంలో ఒక రాత్రి బెల్టు ఆగిపోయింది. తాడు ఎవరూ లాగలేదు. స్విచ్చుల మీద ఉండే జెండాలూ దించుకునే ఉన్నాయి.

షిఫ్టు ఎలక్ట్రీషియన్ నాకంటే ఏ పదేళ్ళో పెద్దవాడు. డ్రాయింగ్ పాకెట్‌లోంచి షీటు తీసి, టార్చి వెలుగులో కాసేపు చూశాడు. "సార్, మీ బొమ్మల స్విచ్చులన్ని ఒక్క గీత మీద ఉన్నయ్. నాకు మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాంక నడకున్నది" అన్నాడు. కోపం లేదు మాటలో, ఉన్న సంగతి చెప్పాడంతే. ఒక్కో స్విచ్చూ విప్పుకుంటూ వెళ్ళలేదు. నేరుగా మధ్యలో ఉన్న జంక్షన్ బాక్సుకు వెళ్ళి తెరిచాడు. స్విచ్చు స్విచ్చుకూ మధ్య వైరు నంబరు మారుతుంది. 1203 మీద 110 వోల్టులు వస్తున్నాయి. అంటే అక్కడిదాకా బాగానే ఉంది, ఇక మిగిలిన సగంలో వెతకాలి. మళ్ళీ దానిలో మధ్యకు. అలా సగాలు చేసుకుంటూ పోయి, కేబుల్ దూరే గ్లాండ్‌లోంచి నీళ్ళు దిగి కాంటాక్టు పాడైన స్విచ్చును పట్టేశాడు. నేను వెనకాల గొడుగు పట్టుకుని నడవడం తప్ప చేసిందేమీ లేదు. ఆ నంబర్లు మేమిచ్చినవే కానీ, వాటిని అలా వాడొచ్చని నాకు చూపించింది ఆయనే.

తర్వాతి ప్రాజెక్టుల్లో ఒక్కో స్విచ్చుకు విడిగా పీఎల్‌సీ ఇన్‌పుట్ ఇవ్వాలని కస్టమర్లతో పోట్లాడేవాణ్ణి. స్విచ్చులో ఉండే రెండో కాంటాక్టును దానికి వాడితే సరిపోతుంది, ఆపే పని మాత్రం పాత సిరీస్ తీగల మీదే ఉంటుంది. పర్చేజ్ వాళ్ళు అదనపు కేబులూ కార్డులూ ఎందుకని కొట్టేసేవాళ్ళు. కొన్ని గెలిచాను, ఎక్కువ ఓడాను. ఊదారంగు ప్రొఫీబస్ డేటా కేబుల్, స్విచ్చుల దగ్గరే పెట్టే ఇన్‌పుట్ పెట్టెలు (రిమోట్ ఐఓ) వచ్చాక ఆ వాదన దానంతటదే తీరిపోయింది. రెండు తీగల మీద స్విచ్చులు వాటంతట అవే అన్నీ చెప్పేస్తున్నాయి.

ఒక విషయంలో మాత్రం నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. సైటులో మార్పులు తప్పవు. టెర్మినల్ మారుతుంది, ఒక రిలే చేరుతుంది. వాటిని ప్రింటు మీద ఎర్ర పెన్నుతో దిద్దుతాం. ఆఫీసుకు తెచ్చి అసలు డ్రాయింగ్ సరిచేసి ‘యాజ్ బిల్ట్’ సెట్ పంపాలి. ఆఖరి పేమెంటు వచ్చేస్తే ఆ సెట్ గురించి కంపెనీలో అడిగే నాథుడుండడు, రాకపోతే దాన్ని పంపించడానికి ఓనరుకు మనసొప్పదు. ఎటుచూసినా దెబ్బతినేది ఆ రాత్రి షిఫ్టువాడే. డ్రాయింగ్ అసలు లేకపోతే వైరు పట్టుకుని వెతుక్కుంటాడు. తప్పుడు డ్రాయింగ్ ఉంటే దాన్ని నమ్మి తెల్లారేదాకా తిరుగుతాడు.

ఈలోగా నా క్లాసువాళ్ళు ఒక్కొక్కరే అమీర్‌పేట దారి పట్టారు. 1998, 99లలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి, వైటూకే (కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీల సమస్య) ప్రాజెక్టుల మీద అమెరికా వెళ్ళనివాడు చేతకానివాడి కింద లెక్క. నేను ‘కోర్’లో ఉండిపోయాను. ఆదర్శమేమీ కాదు, వెళ్దామా అని ఊగినవాణ్ణే. ఒక పెళ్ళిచూపుల్లో ఏం చేస్తావని అడిగితే, ఫ్యాక్టరీలకు కంట్రోల్ ప్యానెళ్ళు డిజైన్ చేస్తానన్నాను. అమ్మాయి తరఫు పెద్దాయన కాసేపు ఆలోచించి, "అంటే... కరెంటు పనా బాబూ?" అన్నారు. ఆ సంబంధం కుదరలేదు. తర్వాత కుదిరిన సంబంధంలో మామగారు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. ప్యానెల్ అంటే ఏమిటో నేను చెప్పే పనే పడలేదు. పైగా "మీవాళ్ళు తలుపులకు తాళాలు చిన్నవి పెడతారేంటండీ?" అని ఆయనే నన్ను నిలదీశారు.

ఆటోకాడ్ వచ్చాక బ్లేడుతో గీకడం పోయింది. ఎలక్ట్రికల్ డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ ఈప్లాన్ వచ్చాక, భాయ్ అడిగే ఆ కాయిల్-కాంటాక్టుల క్రాస్ రిఫరెన్సు పట్టికలు కూడా వాటంతటవే తయారవుతున్నాయి. మధ్యలో షీటు చేర్చినా నంబర్లన్నీ సర్దుకుంటాయి. భాయ్ చూసి ఉంటే సంతోషించేవాడు. ఇది నిజంగా పెద్ద మేలు, పాతరోజులే బాగుండేవని నేనెప్పుడూ అనను. కాకపోతే కాపీ-పేస్టు వల్ల సెట్లు లావెక్కాయి. పాత ప్రాజెక్టు తెరిచి, పేరు మార్చి పంపేస్తారు. మందుల కంపెనీ డ్రాయింగ్‌లో నలభయ్యో షీటు అడుగున ఏదో స్పిన్నింగ్ మిల్లు పేరు కనబడుతుంది. చేత్తో గీసినప్పుడు అనవసరమైన గీత ఒక్కటీ గీసేవాళ్ళం కాదు, చెయ్యి నొప్పి పుడుతుంది కాబట్టి.

కొన్నేళ్ళ కిందట ఒక పేపరు మిల్లులో పాత ఎస్5 తీసేసి కొత్త తరం పీఎల్‌సీ ఎస్7-1500 పెట్టే పని వచ్చింది. విడిభాగాలు దొరక్క వాళ్ళు విసిగిపోయారు. ప్యానెల్ ఎవరు చేశారో నాకు తెలియదు, మాది మాత్రం కాదు. ఉన్నవి ఉన్నట్టు గీసుకుందామని తలుపు తీసి పాకెట్‌లోంచి డ్రాయింగ్ లాగితే, గ్రీజు మరకలతో, మడతల దగ్గర టేపు అతుకులతో ఒక సెట్ బయటికొచ్చింది. షీటు షీటుకూ పెన్సిలు రాతలు, తెలుగులో, కనీసం ముగ్గురు నలుగురి చేతిరాతలు. ‘ఈ వైరు ఇక్కడ లేదు, టీబీ3లో ఉంది.’ ‘కే7 మోగితే కింద బోల్టు చూడు.’ ‘ఎండాకాలం మధ్యాహ్నం ట్రిప్ అయితే ముందు ఫ్యాను చూడు, డ్రైవ్‌ను తిట్టకు.’

మా టీములో కుర్రాళ్ళు రెండు రోజులు కూర్చుని ఆ రాతలన్నీ ప్లాంటువాళ్ళతో సరిచూశారు. కొన్ని కాలం చెల్లినవి, చాలావరకు ఇప్పటికీ పనికొచ్చేవి. "ఇవి కూడా కొత్త సెట్లో పెడదామా సార్?" అని అడిగారు. చివర్లో ఒక రిమార్క్స్ షీటు చేర్చి, తెలుగులోనే పెట్టమన్నాను. అక్కడ మొదలైంది తిప్పలు. మొదట అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వచ్చాయి. ఫాంటు మారిస్తే అక్షరాలొచ్చాయి కానీ ఒత్తులు విడిపోయి పక్కకు పడ్డాయి. చివరికి వర్డ్‌లో టైపుచేసి, బొమ్మగా మార్చి ఆ షీటులో అతికించారు.

సెట్ అప్రూవల్‌కు పంపితే కన్సల్టెంటు దగ్గర్నుంచి వచ్చిన కామెంట్లలో ఆఖరిది: చివరి షీటు స్థానిక భాషలో ఉంది, తొలగించవలెను లేదా ఇంగ్లిషులో ఇవ్వవలెను. ఇంగ్లిషులో ఇంకో షీటు చేర్చాం, తెలుగుది తియ్యలేదు. రెండోసారి వాళ్ళేమీ అనలేదు, ఆ పేజీదాకా వచ్చారో లేదో. సెట్లు అందజేసిన రోజు మిల్లు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ పేజీలు వెనక నుంచి తిప్పి చూసి, ఆ ఒక్క షీటు ఇంకో రెండు కాపీలు కావాలని, వాటికి లామినేషన్ కూడా చేయించి పంపమని అడిగాడు.